నైట్ డ్యూటీకి డబ్బా సర్దుకోవడం ఎలా

డిశ్చార్జి అయ్యేవాళ్లకి "టైముకి తినండి, ఆకుకూరలు తినండి, ఉప్పు తగ్గించండి" అని రోజుకి పదిమందికి చెబుతాను. నేను మాత్రం రాత్రి పదకొండింటికి నిలబడే రెండు బిస్కెట్లు టీలో ముంచుకుని కానిచ్చేసేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులే మరి! గుంటూరు కొత్తపేటలో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుని. రెండేళ్ల క్రితం నా హిమోగ్లోబిన్ 8.9కి పడిపోయిందని రిపోర్టు వస్తే, వేరే పేషెంట్ రిపోర్టేమో అని పేరు రెండుసార్లు చూసుకున్నాను. తెలియక కాదు, డ్యూటీలో కుదరక. కాబట్టి కుదిరేలా సర్దుకోవాలి.

రాత్రి భోజనం హాస్పిటల్‌కి మోసుకెళ్లకండి. ఎనిమిదికి డ్యూటీ అయితే ఏడింటికే ఇంట్లో కూర్చుని తినేయండి. పది గంటల మందులు ఇచ్చేశాక తిందాం అనుకుంటే, సరిగ్గా అప్పుడే క్యాజువాలిటీ నుంచి కేసు వస్తుంది. కంచంలో సగం కూరలు, పళ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన కంచాల్లో అన్నం కొండంత, కూర నంజుకోవడానికి. నేను ఒక గరిటె అన్నం తగ్గించి, దొండకాయ కూరో తోటకూరో రెండు గరిటెలు పెంచాను. అంతకు మించి లెక్కలు పెట్టుకోలేదు.

ఇక డబ్బా. అర్ధరాత్రి ఒంటిగంటకి, వేడి చేసే పని లేకుండా అయిదు నిమిషాల్లో తినగలిగేవే పెట్టుకోండి. నావి రెండు ఉడికించిన గుడ్లు, అంటే దాదాపు 12 గ్రాముల ప్రొటీన్. గుడ్డు తినని రోజు శనగల గుగ్గిళ్లు, ఒక జామకాయ. మన ఎండలకి పాడవుతాయి కాబట్టి వెళ్లగానే ప్యాంట్రీ ఫ్రిజ్‌లో పెట్టేయండి. వ్యాక్సిన్ ఫ్రిజ్‌లో కాదు, ఎవరూ చూడట్లేదని అసలు పెట్టకండి.

జామకాయ ఊరికే పెట్టలేదు. అందులోని విటమిన్ సి వల్ల శనగల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీకి వగరునిచ్చే టానిన్లు మాత్రం ఐరన్‌ని సరిగా పట్టనివ్వవు. అందుకే తినడానికి గంట ముందు, తిన్న గంట దాకా టీ వద్దు. డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్ర కూడా నేను టీతోనే మింగేదాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆఖరి టీ రెండున్నరకి. కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది, పొద్దున్న పదింటికి నిద్ర పట్టాలి కదా.

గోంగూర పచ్చడి డ్యూటీ రాత్రి ఇంట్లోనే ఉండనివ్వండి. గుంటూరు మనిషినే, బాధ తెలుసు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, ఒక టీస్పూను లోపు. నా చేత్తో పచ్చడి కలిపితే ఆ ఉప్పు లెక్కంతా రెండు ముద్దల్లోనే అయిపోతుందేమో అనిపిస్తుంది.

నీళ్ల సీసాకి ప్లాస్టర్ అంటించి పేరు రాసుకోండి, లేకపోతే అందరిదీ అవుతుంది. బాత్రూమ్‌కి వెళ్లే తీరిక లేదని నీళ్లు మానేస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది, మా వార్డులో సగంమందికి అనుభవమే. బిడ్డ పుట్టిందని పేషెంట్ తాలూకు వాళ్లు ఇచ్చే స్వీట్ డబ్బా మాత్రం టేబుల్ మీద ఉంచకండి, అలమరలోకి పోవాలి. కనబడితే ఆగే మనుషులం కాదు.

పొద్దున్న ఖాళీ కడుపుతో పడుకోకండి. బ్రాడీపేటలో పూరీ వాసన లాగుతుంది, నేను రెండు ఇడ్లీ తిని ఇంటికి పోతాను. పడుకునే ముందు శనగలు నానబోయండి, సాయంత్రం ఆరింటికి కుక్కర్ పెట్టాలి.