శనివారం ఆట ఉన్న వారంలో చదువు ఎప్పుడు?

అమెరికాలో కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లో, అంటే ఫుట్‌బాల్ ఆటలప్పుడు మైదానంలో ఆకృతులు కడుతూ, నడుస్తూ వాయించే బృందంలో చేరిన మన పిల్లలకు ఒక మాట. వారాన్ని సోమవారం నుంచి కాదు, శనివారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. ఫుట్‌బాల్ ఆట మూడు గంటలకు పైనే సాగుతుంది. దానికి ముందు సాధన, దుస్తులు, ఊరేగింపు అన్నీ ఉంటాయి. ఆ రోజు పుస్తకం తెరుస్తామనుకోవద్దు. సోమవారం ఇవ్వవలసిన పనిని గురువారం రాత్రికే ముగించండి.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది మెడలో దారానికి వేలాడే చిన్న నోటు పుస్తకం. సంగీతంలో ఎన్నో తాళపు లెక్కకు మైదానంలో ఎక్కడ నిలబడాలో, అక్కడి గీతల నుంచి కొలిచి అందులో రాసుకుంటాం: "50 గజాల గీతకు 2 అంగలు ఎడమ, ముందు గీతకు 6 అంగలు వెనక" అని. మామూలుగా 5 గజాలకు 8 అంగలు, అంటే ఒక్కో అంగ 22.5 అంగుళాలు. కొత్త ఆకృతులు చేతికందిన రాత్రే ఇవి రాసేసి, గది బయటి వరండాలో నా భాగాన్ని కూనిరాగం తీస్తూ నడిచేదాన్ని. మరునాడు మైదానంలో వెతుకులాట ఉండేది కాదు. ఇంటికి వచ్చాక మళ్లీ సాధన చేయవలసిన అవసరమూ తప్పేది. ఆ మిగిలిన గంటే నా లెక్కల పాఠాలకు దక్కింది. దయచేసి ఈ పని వాయిదా వేయకండి.

ట్రంపెట్ వాయించేవారికి ఇంకొకటి. నవంబరు చలికి ఇత్తడి వాద్యం శ్రుతి దిగిపోతుంది. వాయించని సమయంలో మౌత్‌పీస్‌ను (పెదవులు ఆనించి ఊదే భాగాన్ని) తీసి, గుప్పిట్లోనో జేబులోనో వెచ్చగా ఉంచుకోండి.