కోర్టులో కోచ్, హాస్టల్లో వార్డెన్ – 4వ పాఠం: ఒకే అమ్మాయితో రెండు సంభాషణలు

అమెరికాలోని చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిల వాలీబాల్ సీజన్ ఎలా నడుస్తుందో, రిసీవింగ్ (అవతలివాళ్ల సర్వీసును అందుకోవడం) ప్రాక్టీసు ఎలా పెట్టాలో గత పాఠాల్లో చూశాం. ఈసారి జిమ్‌ నుంచి కాస్త బయటికి వద్దాం. ఇలాంటి చోట గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా (అక్కడే పీజీ చదువుతూ పనిచేసేవారిగా) చేరితే కోచింగ్ ఒక్కటే మీ పని కాదు. ఒక రెసిడెన్స్ హాలు (విద్యార్థుల హాస్టల్) బాధ్యత కూడా మీకే రావచ్చు. మన గురుకులాల్లో పీఈటీగా పనిచేస్తూ రాత్రి హాస్టల్ డ్యూటీ చేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కానీ అక్కడి చట్టాలు వేరు, పిల్లలు పద్దెనిమిది దాటినవాళ్లు, తలుపు తట్టే వేళలూ వేరు.

మొదట గంటల లెక్క. ఎఫ్-1 వీసా మీద చదువుతున్నవాళ్లు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కోచింగ్, హాస్టల్ డ్యూటీ కలిపి ఆ 20 గంటలే. "జిమ్ పని ఇష్టంతో చేస్తున్నాను కదా" అనుకుని లెక్కలోంచి తీసేయకండి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఏ పనికి ఎన్ని గంటలో రాయించుకుని, ఆ కాగితాన్ని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చూపించండి.

తర్వాత క్యాలెండర్. మామూలుగా ఏ ఉద్యోగానికి ఆ క్యాలెండర్ విడిగా ఉంటుంది, రెండూ గుద్దుకునే వారాలు ఎవరికీ కనపడవు. ఆగస్టులో తరగతులు మొదలవకముందే జట్టు ప్రీసీజన్ ప్రాక్టీసు ఉంటుంది. సరిగ్గా అప్పుడే హాలులోని రెసిడెంట్ అసిస్టెంట్ల (హాలు పనుల్లో సాయపడే విద్యార్థుల) శిక్షణ కూడా ఉంటుంది. నవంబరులో కాన్ఫరెన్స్ (మీ కాలేజీ ఆడే కాలేజీల బృందం) టోర్నమెంటు, నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, దానికి హాలు మూసే పని, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. కాబట్టి జూలైలోనే రెండింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చి, బయటి ఊళ్లో మ్యాచ్ ఉన్న రాత్రి డ్యూటీ ఫోను ఎవరి దగ్గర ఉండాలో పేరుతో సహా రాసిపెట్టుకోవాలి. చాపెల్ (క్యాంపస్‌లో జరిగే ఆరాధన) వేళలు కూడా అందులోనే వేసుకోండి. చాపెల్ హాజరు తప్పనిసరి అయిన చోట ఆ సమయంలో ప్రాక్టీసు పెట్టడం కుదరదు. ఆదివారం ఆడని విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. యూటాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం కోసం అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తన టోర్నమెంటు షెడ్యూళ్లనే సర్దుతుంది.

ఇక అసలు పాఠం. సాయంత్రం మీరు లైనప్‌లోంచి తీసేసిన అమ్మాయే రాత్రి పదకొండింటికి హాలులో మీ తలుపు తట్టవచ్చు. జిమ్‌లో ఆమెకు మీరు కోచ్, హాలులో ఆమె బాగోగులు చూసే మనిషి. రెండు మాటలూ కలిపేస్తే రెండూ పాడవుతాయి. వీటిని విడిగా ఉంచడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన విద్య.

ఆట గురించిన మాటకు ఆధారం అంకెలే కావాలి. రిసీవ్ చేసిన ప్రతి బంతికీ 3 నుంచి 0 దాకా ఒక అంకె వేయండి. సెట్టర్ (కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చే అమ్మాయి) తన చోటు కదలకుండా, మధ్యలో క్విక్‌తో (నెట్ దగ్గర తక్కువ ఎత్తులో వేగంగా కొట్టే దాడి) సహా ఎవరికైనా ఎత్తగలిగితే 3. నాలుగడుగులు జరగాల్సి వచ్చి, క్విక్ వదులుకున్నా రెండు వైపులకు ఇవ్వగలిగితే 2. పరుగెత్తి ఒకే వైపుకు ఎత్తుగా వేయడం తప్ప దారి లేకపోతే 1. పాయింటు పోయినా, బంతి నెట్ దాటి అవతలివాళ్ల చేతిలో పడినా 0.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. మూడో సంవత్సరం అమ్మాయి 20 బంతులు రిసీవ్ చేసింది. 3లు ఐదు, 2లు ఎనిమిది, 1లు నాలుగు, 0లు మూడు. మొత్తం 35, సగటు 1.75. మొదటి సంవత్సరం అమ్మాయికి 3లు ఏడు, 2లు తొమ్మిది, 1లు మూడు, 0 ఒకటి. మొత్తం 42, సగటు 2.1. కోచ్‌లు సాధారణంగా 2.0 పైన ఉండాలని చూస్తారు. లెక్క నేర్చుకోవడానికి 20 బంతులు చాలు, ఒకరిని పక్కన పెట్టడానికి మాత్రం చాలవు. నా మట్టుకు రెండు వారాల ప్రాక్టీసు, మ్యాచ్‌ల లెక్కలు కలిపి చూడనిదే లైనప్ మార్చకూడదు.

సగటు దగ్గరే ఆగిపోకండి. ఆ మూడు సున్నాలు ఎక్కడ పడ్డాయో వెతకండి. మూడూ ఎడమ భుజం వైపు వచ్చిన జంప్ ఫ్లోట్లే (ఎగిరి కొట్టే, గాల్లో ఊగుతూ వచ్చే సర్వీసులు) అనుకుందాం. అంటే ఆమెకు రిసీవింగ్ రాదని కాదు, ఒక్క దిక్కున వచ్చే ఒక్క రకం సర్వీసు ఆమెను ఇబ్బంది పెడుతోందని. ఎడమ వైపు బంతికి కుడి భుజం కిందికి దించి, చేతుల పలకను (జోడించిన ముంజేతులను) సెట్టర్ వైపు తిప్పాలి. ఆమె బంతితో పాటు ఒళ్లంతా తిప్పేస్తోంది, అందుకే బంతి పక్క గోడకు పోతోంది. ఈ ముక్క చెప్పగలిగితే సగం బాధ అక్కడే తగ్గుతుంది.

అమెరికా కాలేజీ నియమాల్లో ఇంకో సౌకర్యం ఉంది. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య ఎఫ్‌ఐవీబీ మ్యాచ్‌లో సెట్‌కు 6 సబ్‌స్టిట్యూషన్లే. ఎన్‌సీఏఏ మహిళల ఆటలో 15. మన దగ్గర తీసేస్తే దాదాపు బెంచీకే అతుక్కుపోతారు. అక్కడ మాత్రం మంచి సర్వీసు ఉన్న అమ్మాయిని సర్వీసుకో, వెనక వరుసలో డిఫెన్సుకో ప్రతి సెట్‌లోనూ దింపవచ్చు. అందుకే "నిన్ను తీసేశాను" అని ఊరుకోకుండా "నీ పని ఇప్పుడు ఇది" అని చెప్పగలగాలి.

ఈ మాట జిమ్ ఆఫీసులోనే, తలుపు తెరిచి ఉంచి, మ్యాచ్‌కు కనీసం ఒక రోజు ముందు చెప్పండి. చార్టు ఆమె చేతికివ్వండి. మాటలు ఇంచుమించు ఇలా ఉంటే చాలు: "శనివారం రిసీవింగ్‌లో నీ చోట వేరే అమ్మాయి ఆడుతుంది. కారణం ఈ చార్టులో ఉంది. ఎడమ వైపు బంతుల మీద మంగళవారం నుంచి రోజూ పావుగంట మనిద్దరం పనిచేద్దాం. శనివారం సర్వీసుకు దిగడానికి మాత్రం సిద్ధంగా ఉండు." ఇక్కడ ఆమె చదువు, ఇల్లు, స్నేహాలు ఎత్తకండి. "ఈ మధ్య హాలులో కూడా నువ్వు సరిగా లేవు" అన్నారంటే ఆమె మళ్లీ మీ తలుపు తట్టదు. హాలులో చూసినదాన్ని లైనప్‌కు కారణంగా వాడటం నా దృష్టిలో నమ్మకద్రోహమే.

ఇప్పుడు రాత్రి పదకొండింటి తలుపు. ఆమె లైనప్ సంగతి ఎత్తితే, "అది రేపు మూడింటికి జిమ్‌లో మాట్లాడుకుందాం, ఇప్పుడు నువ్వెలా ఉన్నావో చెప్పు" అనండి. ఆ తర్వాత ఆమె "ఒక విషయం చెప్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అనవచ్చు. ఆ మాట ఇవ్వకండి. లీహై విశ్వవిద్యాలయంలో 1986లో తన హాలు గదిలోనే హత్యకు గురైన జీన్ క్లెరీ అనే విద్యార్థిని ఉదంతంతో 1990లో ఒక చట్టం వచ్చింది, 1998లో దానికి ఆమె పేరు పెట్టారు. దాని ప్రకారం కోచ్‌లు, హాలు సిబ్బంది తమ దృష్టికి వచ్చిన నేరాలను విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. లైంగిక వేధింపుల విషయంలో టైటిల్ నైన్ ఆఫీసుకు (చదువులో లింగ వివక్షను నిషేధించే చట్టం అమలు చూసే కార్యాలయం) చెప్పడం కూడా చాలా విశ్వవిద్యాలయాల నియమావళిలో మీ విధి. మీకున్న రెండు ఉద్యోగాల్లో ఏదీ రహస్యం దాచే ఉద్యోగం కాదు.

కాబట్టి ఆమె నోరు విప్పకముందే చెప్పండి: "నీకు ప్రమాదమనిపించే విషయమైతే, ఎవరైనా నీకు హాని చేసి ఉంటే, నేను పైవాళ్లకు చెప్పాలి. అలా కాకుండా నీ మాట నీ దగ్గరే ఉండాలనుకుంటే కౌన్సెలింగ్ సెంటర్‌లో లైసెన్సున్న కౌన్సెలర్ ఉన్నారు, ఆత్మీయ సలహాకు చాప్లిన్ (క్యాంపస్ పాస్టర్) గారు ఉన్నారు. నేను తీసుకెళ్తాను." ఈ మాటలు అప్పటికప్పుడు తడుముకుంటే రావు, అద్దం ముందు పలికి చూసుకోండి. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ఎదురుచూడొద్దు. క్యాంపస్ భద్రతా సిబ్బందిని పిలవండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు దేశమంతటా రాత్రీ పగలూ పలికే నంబరు 988.

క్రైస్తవ క్యాంపస్‌లో ఇంకో జాగ్రత్త కావాలి, మన చర్చి సంఘాల్లో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రాక్టీసు చివర జట్టంతా చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారు. "ఆ అమ్మాయి కష్టంలో ఉంది, అందరం ఆమె కోసం ప్రార్థిద్దాం" అని మీరు మంచి మనసుతోనే అనవచ్చు. ప్రార్థన అంశం పేరుతో ఒక అమ్మాయి గుట్టు పదిహేనుమందికి చేరిపోతుంది. ఆమే స్వయంగా అడిగితే తప్ప రాత్రి విన్నది ఆ వలయంలోకి రాకూడదు. మీరొక్కరే మీ గదిలో ప్రార్థించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాగే ఆ వలయంలో ఎవరు గట్టిగా ప్రార్థించారు, ఎవరు మౌనంగా ఉన్నారు అన్నది మీ లైనప్ కాగితం దాకా రానివ్వకండి. జట్టులో క్రైస్తవంలోనే వేరే శాఖవాళ్లుంటారు, విశ్వాసం గురించి ఇంకా తేల్చుకోనివాళ్లుంటారు. వాళ్లకూ అదే కోర్టు, అవే అంకెలు.

అభ్యాసం: ఈ వారం మీ ఊరి గ్రౌండ్‌లోనో కాలేజీలోనో ఒక మ్యాచ్ చూస్తూ ఇద్దరు రిసీవర్లకు 3–0 అంకెలు వేయండి. తక్కువ సగటు వచ్చినవారి సున్నాలు ఏ వైపు బంతులకు పడ్డాయో గుర్తించి, వాళ్లకు చెప్పాల్సిన నాలుగు వాక్యాలు రాయండి. "ఎప్పుడూ", "అసలు" అనే మాటలుంటే కొట్టేసి మళ్లీ రాయండి. తలుపు దగ్గర చెప్పాల్సిన మాటలు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసుకుని పైకి చదవండి. వచ్చే పాఠంలో వ్యాన్ ప్రయాణాలు, బయటి ఊరి మ్యాచ్‌ రోజు భోజనం, తిరిగొచ్చిన రాత్రి హాలు రౌండ్లు చూద్దాం.