వానాకాలం నీటి శాంపిల్: ముందు సీసాలో క్లోరిన్‌ను ఆపాలి

తొలకరి పడగానే ఊళ్లలో ట్యాంకులకు, బావులకు బ్లీచింగ్ పౌడర్ మోతాదు పెంచుతారు. అది పెంచాల్సిందే. కానీ ఆ నీటిని సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితే, మిగిలిన క్లోరిన్ దారిపొడవునా సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది. కుళాయి దగ్గర బతికున్న ఇ.కోలై (నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ల్యాబ్‌కు చేరేసరికి చచ్చిపోవచ్చు. రిపోర్టు బాగుందని వస్తుంది, ఊళ్లో మాత్రం విరేచనాలు తగ్గవు. రిపోర్టు రాకపోవడం కంటే ఇది ప్రమాదం.

అందుకే బ్యాక్టీరియా పరీక్షకు క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరిలైజ్ చేసిన సీసానే అడిగి తీసుకోండి. పాత ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో ఇదే. 120 మి.లీ. సీసాకు 3 శాతం ద్రావణం 0.1 మి.లీ. వేస్తే లీటరుకు 5 మి.గ్రా. దాకా క్లోరిన్‌ను విరిచేస్తుంది. వరద తర్వాత బాగా ఎక్కువ క్లోరిన్ కలిపిన బావి అయితే అది చాలదు. ఆ సంగతి ల్యాబ్‌కు ముందే చెబితే 10 శాతం ద్రావణం వేసిన సీసా ఇస్తారు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. సీసా అడుగున చిన్న చుక్కో, తెల్లటి మరకో కనిపిస్తుంది. మురికనుకుని కడిగేస్తారు. ఆ మరకే మందు! ఈ సీసాను కడగకూడదు, పొంగేలా నింపకూడదు. మెడ కింద రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, మూత బిగించి, తలకిందులు చేసి కలపాలి. మూత లోపలివైపు వేలు తగలనివ్వొద్దు.

క్లోరిన్ ఎంతుందో కుళాయి దగ్గరే, వేరే గ్లాసులో పట్టిన నీటితో కిట్ పెట్టి చూడండి. లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలన్నది తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 చెప్పే మాట. హైపో ఉన్న సీసాలో చూస్తే సున్నానే వస్తుంది, అనవసరంగా టెన్షన్. ఆ రీడింగ్‌ను, టైమ్‌ను లేబుల్ మీద రాసి, సీసాను ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి.

అన్ని పరీక్షలకూ ఈ సీసా పనికిరాదు. లోహాలకు నైట్రిక్ యాసిడ్ వేసిన సీసా వేరే ఉంటుంది. క్లోరిన్ కలిపిన మురుగునీటి శుద్ధి ప్లాంటు నీటికి బీఓడీ (నీటిలోని మురికిని తినేందుకు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) చేయాలంటే, ల్యాబ్‌లోనే టైట్రేషన్ చేసి, అంటే కొలిచిన ద్రావణం కొద్దికొద్దిగా కలిపి చూసి, క్లోరిన్‌ను విరవడానికి ఎంత సోడియం సల్ఫైట్ కావాలో తేల్చి అంతే వేస్తారు. తక్కువైతే మిగిలిన క్లోరిన్ సూక్ష్మజీవులను చంపి బీఓడీని తగ్గించి చూపిస్తుంది. ఎక్కువైతే సల్ఫైటే ఆక్సిజన్‌ను లాగేసి పెంచి చూపిస్తుంది. కాబట్టి ప్లాంటు దగ్గర మీ అంతట మీరు ఏ మందూ కలపకండి. క్లోరిన్ వేసిన నీరని లేబుల్ మీద రాసి పంపండి.