ఐసీ, మాస్‌ఫెట్‌లు స్టాటిక్‌కి పోకుండా ఉండాలంటే

తలుపు పిడి పట్టుకోగానే చురుక్కుమందంటే, ఒంటి మీద అప్పటికే స్టాటిక్ (రాపిడితో పుట్టే ఛార్జ్) సుమారు 3,000 వోల్టులు పోగైనట్టు. అంతకు తక్కువైతే మనకు తెలియదు. చాలా మాస్‌ఫెట్‌లకేమో (ఇవి ఒక రకం ట్రాన్సిస్టర్లు) గేట్, సోర్స్ అనే కాళ్ల మధ్య 20 వోల్టులే హద్దు. కాబట్టి 'నాకేం షాక్ కొట్టలేదే' అన్న మాట లెక్కలోకి రాదు. గేట్ కింది ఆక్సైడ్ పొర పూర్తిగా చిట్లితే ఒక రకంగా నయం, వెంటనే దొరికిపోతుంది. కాస్త దెబ్బతిన్నదైతే పరీక్షలో పాసై, కొన్నాళ్లు వాడాక మొండికేస్తుంది.

ఒంటి మీది ఛార్జ్‌ని ఎర్త్‌కి దింపే మణికట్టు పట్టీయే రిస్ట్ స్ట్రాప్. దాని తీగలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున చెయ్యి 230 వోల్టుల లైనుకి తగిలినా, స్ట్రాప్ గుండా ఎర్త్‌కి పోయే కరెంటుని అది 0.23 మిల్లీఆంపియర్లు దాటనివ్వదు. దాని బదులు ఉత్త రాగి తీగ చుట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెసిస్టర్ ఉంది కదా అని కరెంటు ఉన్న బోర్డు మీద మాత్రం స్ట్రాప్‌తో పని చేయొద్దు.

పట్టీ లోపలి రేకు మీద ఒక ప్రోబు, క్లిప్పు మీద ఇంకొకటి పెట్టి మల్టీమీటర్‌తో కొలవండి. 1 మెగాఓమ్ దగ్గర చూపాలి. తీగని పట్టీకి తగిలించే బటన్ దగ్గర అటూ ఇటూ వంచుతూ చూడండి, తెగేది ఎక్కువగా అక్కడే. రీడింగ్ ఎగిరిపడితే ఆ తీగ పనికిరాదు. పట్టీ చర్మానికి ఆనాలి, చొక్కా చేతి మీద కడితే కట్టనట్టే. క్లిప్పుని ఎర్త్ అయిన లోహానికి, పెయింటు లేని చోట తగిలించండి. బల్ల మీద పరిచే యాంటీస్టాటిక్ మ్యాట్ కూడా అదే ఎర్త్‌కి కలవాలి.

స్ట్రాప్ కట్టుకున్నాకే ఐసీ, బోర్డు ఉన్న కవరు విప్పాలి. విప్పే ముందు కవరుని ఒకసారి మ్యాట్‌కి ఆనించండి. బోర్డుని అంచులు పట్టుకునే తీయండి.

కవర్లలో తేడా ఉంది. పింక్ కవరు తాను ఛార్జ్ పుట్టించదు, అంతే. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు. లోహపు పూత ఉన్న వెండి రంగుది ఆపుతుంది, అదీ మూతి మూసి, చిల్లులు లేకుండా ఉంటేనే.

థర్మోకోల్, టేపు, మామూలు ప్లాస్టిక్ కవర్ల మీది ఛార్జ్ ఎర్త్ చేసినా దిగదు. వాటిని ఒక అడుగు దూరంలో ఉంచండి. ఐసీ పక్కన సర్రున టేపు లాగితే ఎంత మంచి స్ట్రాప్ ఉన్నా లాభం లేదు.

సోల్డరింగ్ ఐరన్ బిట్టు (మొన) కూడా ఎర్త్‌కి కలిసి ఉండాలి. ప్లగ్గు తీసి, బిట్టుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 2 ఓమ్‌లు దాటితే బిట్టు ఊడదీసి, అది కూర్చునే చోట పట్టిన నల్లటి పొక్కు గీకండి.