బోల్టు పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు: ఇంజన్లు కలిపి కట్టేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం కావలి దాటాక హైవే మీద ఒక పాత మారుతి జిప్సీ కాలిపోయింది. కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకు ఇరుసుకు కలిపే కడ్డీ) విరిగి బ్లాకును (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మను) చీల్చుకుని బయటికొచ్చింది, వేడి ఆయిలు సైలెన్సర్ పైపు మీద పడి అంటుకుంది. లోపలున్న ఇద్దరు కుర్రాళ్లు దూకేశారు కాబట్టి బతికారు. ఆ ఇంజన్‌ను నెల్లూరు ఆటోనగర్‌లో విప్పుతుంటే పక్కనే ఉండి చూశాను. ఒక ఇంజన్ రాడ్డుకి ఇంకో ఇంజన్ రాడ్డు క్యాపు (రాడ్డు అడుగున క్రాంకును చుట్టి పట్టే సగం ముక్క) బిగించి ఉంది. రెండూ చూడ్డానికి ఒకటే. బోల్టులు కూడా చక్కగా పట్టాయి. బేరింగ్ మాత్రం నల్లగా మాడిపోయి, అరిగి, దాని చోటు వదిలి తిరిగిపోయింది.

వేసవి సెలవులొస్తే చెన్నై పుదుపేట నుంచి పాత పార్టులు తెచ్చి, ఒకదాని బ్లాకు, ఇంకోదాని హెడ్డు (సిలిండర్ల పైమూత), మరోదాని క్రాంకు కలిపి కట్టే పనులు మన దగ్గర ఎక్కువవుతాయి. శుభ్రంగా కడగాలి, మంచి ఆయిలు పోయాలి లాంటివి అందరికీ తెలుసు. వాటి జోలికి పోను.

జనాన్ని ముంచే తప్పు ఒక్కటే: బోల్టు పట్టింది కాబట్టి పార్టు సరిపోయిందనుకోవడం. "ఏం గాదులేన్నా, బోల్టులు పట్టినాయి గదా" అన్న మాట విన్నారంటే అక్కడే పని ఆపించండి.

జిప్సీ, ఎస్టీమ్‌లలో వచ్చిన 1298 సీసీ ఇంజన్‌కి బోరు (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 75.5. పాత బలెనోలో వచ్చిన 1590 సీసీ ఇంజన్‌కి బోరు 75, స్ట్రోకు 90, బ్లాకు ఎత్తూ ఎక్కువ. మిగతావన్నీ అలాగే ఉంచి పెద్ద స్ట్రోకు ఒక్కటే తెస్తే పిస్టన్ ఏడు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ లేస్తుంది. హెడ్డును గుద్దక ఏం చేస్తుంది? గుద్దకుండా సర్దినా కంప్రెషన్ మారిపోతుంది. కంప్రెషన్ నిష్పత్తి అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైకొచ్చాక మిగిలే గదికి ఎన్ని రెట్లో ఆ లెక్క. 1298 సీసీలో అది 9 అనుకుంటే, నాలుగు సిలిండర్లలో ఒక్కోదానిలో మిగిలే గది సుమారు 40.6 సీసీ. అదే గది 1590 సీసీ ఇంజన్ సిలిండర్ మీదకొస్తే నిష్పత్తి దాదాపు 10.8 అవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో లోడు మీద పోతే ముందు నాకింగ్ (పెట్రోలు వేళ కాకుండా పేలి టకటక కొట్టడం), తర్వాత పిస్టన్ అంచు కరగడం. హెడ్డు ఫేసింగ్ (అడుగు గీయించి చదును చేయడం) చేయించారా? లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి.

వాల్వు, పిస్టన్ మధ్య ఎంత ఖాళీ ఉందో కంటితో తేలదు. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి, పిస్టన్ మీద వాల్వు వచ్చే చోట అతికించండి. వాల్వుకు అంటకుండా పైన చుక్క ఆయిలు రాయండి. వాడేసిన గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగించండి, టైమింగ్ బెల్టు ఎక్కించండి. ప్లగ్గులు తీసేసి, స్పానర్‌తో క్రాంకును చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఒక్క చుట్టు చాలదు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒకసారి తిరగడానికి క్రాంకు రెండుసార్లు తిరగాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టొద్దు. హెడ్డు విప్పి, నొక్కుకుపోయిన క్లేను బ్లేడుతో కోసి, వెర్నియర్‌తో కొలవండి. అన్నిటికంటే పలచటి చోట ఇన్‌లెట్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు కనీసం 2.5 ఉండాలి. గంట పని ఇది. ఈ గంట మిగుల్చుకుని ఇంజన్ మొత్తం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇక క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులు. వాటిని బ్లాకుకు బిగించి, ఆ రంధ్రాలన్నిటినీ ఒకే వరసలో బోరు చేస్తారు. అందుకే ఇంకో బ్లాకు క్యాపు పెట్టినా, అదే బ్లాకులో 2వ నంబరును 3వ దాని చోట పెట్టినా గుండ్రం చెడిపోతుంది. ఇక్కడా బోల్టు పడుతుంది! పట్టడం సరిపోవడం కాదు. క్యాపు పోయిందంటే లైన్ బోరింగ్ చేయించండి, లేదా ఆ బ్లాకు వదిలేయండి. రాడ్డు క్యాపులకూ ఇదే మాట. విప్పేటప్పుడే నంబర్లు కొట్టుకోండి.

హెడ్డు గ్యాస్కెట్‌ను ముందు బ్లాకు మీద, తర్వాత హెడ్డు మీద పెట్టి ప్రతి రంధ్రం చూడండి. ఆయిలు దారి మూసుకుంటే క్యామ్ ఎండిపోతుంది, నీళ్ల దారి మూసుకుంటే హెడ్డు వంగుతుంది.

బేరింగ్ క్లియరెన్స్ (బేరింగ్‌కీ ఇరుసుకీ మధ్య ఖాళీ) ప్లాస్టిగేజ్‌తో, అంటే మధ్యలో పెట్టి నొక్కి కొలిచే సన్నటి ప్లాస్టిక్ దారంతో, కొలవండి. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంకు భాగం) అడ్డకొలతలో ప్రతి అంగుళానికి సుమారు ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు).

బోల్టు రెండు మరలు తిరిగి బిగుసుకుంటే మర వేరు. పానాతో లాగొద్దు.

సాగే రకం హెడ్డు బోల్టులు రెండోసారి వాడొద్దు.

టార్క్ రెంచ్ లేని చోట ఇంజన్ కట్టించొద్దు.

క్రాంకు, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలెన్స్ చేయించండి.

క్రాంకు సెన్సర్ చదివే చక్రం పళ్లు లెక్కపెట్టండి. ఈసీయూకి (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కి) తెలిసిన లెక్క అదేనా చూడండి.

కొలవకుండా ఎవరి మాటా నమ్మొద్దు. మేస్త్రీ మాటైనా సరే.

ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ మార్చొద్దు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52. ఆర్సీలో ఇంజన్ నంబరు మారకపోతే ప్రమాదం రోజున ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు.

స్టార్టు చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిలు లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. లైటు ఆరకపోతే స్టార్టు చేయొద్దు.

మొదటి రోజు హైవే ఎక్కొద్దు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి, డిక్కీలో కాదు. ఆ బండిలో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.