చదరంగం నుంచి మ్యాట్ మీదికి – 4వ పాఠం: ఒక ఎత్తు, రెండు గురులు

పోయిన పాఠంలో టెంపో (ఎత్తు వృథా కాకుండా చూసుకోవడం) చూశాం. ఈసారి ఫోర్క్, అంటే ఒకే ఎత్తుతో రెండు పావుల మీద గురి.

తెల్ల గుర్రం సీ7 గడిలో దిగిందనుకోండి. ఈ8లో ఉన్న నల్లరాజుకు చెక్, ఏ8లో ఉన్న ఏనుగుకు గురి. రాజు కదలక తప్పదు, ఏనుగు పోక తప్పదు. కానీ డీ8లో నల్ల మంత్రి ఉంటే ఆ గుర్రాన్నే కొట్టేస్తుంది. అంటే దిగే గడికి కాపలా ఉండకూడదు, మొదటి బెదిరింపు నిజమైన చెక్ కావాలి.

నేల మీద పట్లతో పోరాడే బ్రెజిలియన్ జియుజిట్సులో దీనికి సరిజోడు, క్లోజ్డ్ గార్డ్ (అవతలివాడి నడుము చుట్టూ కాళ్లు ముడివేసి పడుకునే భంగిమ) నుంచి చేసే హిప్ బంప్, అంటే నడుముతో ఎగదోసి అతన్ని దొర్లించడం. మీరు వెల్లకిలా, అవతలివాడు మీ కాళ్ల మధ్య మోకాళ్ల మీద. తల దించి బరువంతా మీ ఛాతీ మీద మోపాడంటే గడికి కాపలా ఉన్నట్టే, లేవకండి. వెన్ను నిటారుగా పెట్టి మడమల మీదికి వాలినప్పుడు మీ ఎత్తు.

మీ కాళ్ల ముడి విప్పి పాదాలు నేలకు ఆనించండి. ఎడమ మోచేతి మీదికి, అక్కణ్ణుంచి అరచేతి మీదికి లేవండి. కుడిచేయి అతని కుడి భుజం మీదుగా వేసి, మోచేతికి కాస్త పైన బిగించండి. నడుమును ఎగదోస్తూ ఎడమకు తిరగండి.

ఇక కళ్లు అతని కుడిచేతి మీదే. పడిపోకుండా దాన్ని నేలకు ఆనించాడా, కిమురా: చేతిని మెలితిప్పి భుజాన్ని బంధించే పట్టు. (1951లో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా బ్రెజిల్ జియుజిట్సు యోధుడు హీలియో గ్రేసీని ఓడించింది ఈ పట్టుతోనే.) ఎడమచేత్తో అతని మణికట్టును, కుడిచేత్తో మీ ఎడమ మణికట్టును పట్టి వెనక్కి వాలండి, అతని చేతిని వీపు వెనక్కి, తల వైపు తిప్పండి. ఒక కాలు అతని వీపు మీద లేకపోతే ముందుకు పల్టీ కొట్టి తప్పించుకుంటాడు. చేయి ఆనించకుండా తలతో ముందుకు నెట్టాడా, గిలటిన్ అనే మెడ బిగింపు: భుజం మీదున్న మీ చేయి అతని మెడ చుట్టూ జారుతుంది. రెండూ చేయకపోతే దొర్లుతాడు, మీరు మౌంట్‌లో, అంటే అతని మీద కూర్చుని, తేలతారు.

కిమురా మీద ఆశతో హిప్ బంప్‌ను ఉత్తుత్తిగా చేసేవాళ్లే ఎక్కువ. చెక్ కాని చెక్‌కు రాజు ఎందుకు కదులుతాడు? ఇంకొందరు పట్టు బిగియకముందే వెనక్కి పడుకుంటారు. ఆ సందులో అతను మోచేతిని ఒంటికి లాక్కుంటాడు.

సాధన: ఏం చేయబోతున్నాడో అవతలివాడు ముందే చెబుతూ ఒక్కో జవాబుకు 10 సార్లు. తర్వాత చెప్పకుండా, 2 నిమిషాల రౌండ్లు మూడు. కిమురా భుజాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి చివరి మెలిక 3 సెకన్లు తీసుకోవాలి, ట్యాప్ (ఓడానని చేత్తో తట్టడం) పడగానే వదిలేయాలి. వరసగా 5 ప్రయత్నాల్లో అతను చేయీ ఆనించక, నెట్టకా, దొర్లకా అలాగే కూర్చున్నాడంటే మీ నడుము నేల వదల్లేదన్నమాట.