గుండె బొమ్మ ఎవరి దగ్గరుంది మేడమ్?

మా మండలం బయాలజీ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. "గుండె అంతర్నిర్మాణం పటం ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి మేడమ్." నిరుడు పెట్టిందే ఎవరో వెతికి మళ్ళీ పెడతారు. నాలుగు థ్యాంక్యూలు, ఆరు దండాల బొమ్మలు పడేసరికి ఆ పటం మళ్ళీ ఎక్కడో కిందికి పోతుంది.

నేను నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు. మా గ్రూపు సరుకంతా, అంటే పటాలు, వర్క్‌షీట్లు, ఫొటోలు, ఇప్పుడు గూగుల్ డ్రైవ్‌లో ఉంది. దాన్ని దారికి తెచ్చేలోపు చేయాల్సిన తప్పులన్నీ చేశాం కాబట్టి ఆ పద్ధతి రాస్తున్నా.

ముందుగా సబ్జెక్టు పేరుతో కొత్త జీమెయిల్ అకౌంట్ తెరవండి. మీ సొంతది వాడొద్దు. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిళ్ళు, ఫొటోలు, డ్రైవ్ మూడూ సర్దుకోవాలి. మన అకౌంట్లో ఇంట్లో పెళ్ళి ఫొటోలకే అది చాలదు. పైగా బదిలీ అయితే మన సరుకు మనతోనే పోతుంది. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసుండాలి. రికవరీ నంబరుగా రెండో టీచర్‌ది ఇవ్వండి.

ఇక ఫైళ్ల పేర్లు. అసలు తంటా అంతా ఇక్కడే. మేము మొదట పుస్తకంలో పాఠాల నంబర్ల ప్రకారం ఫోల్డర్లు కట్టాం. చూడముచ్చటగా ఉండేది. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. అంతకుముందు పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన వేరువేరు పాఠాలు. కొత్త పుస్తకంలో నాలుగూ కలిసి ఒకే పాఠం. మా నంబర్లన్నీ తప్పయిపోయాయి. అందుకని ఇప్పుడు ఫోల్డర్లు తరగతికొకటి, అంతే. మిగతా భారం ఫైలు పేరు మీద. గుండె పటానికి "గుండె హృదయం హార్ట్ పటం 10" అని పేరు. హార్ట్ అన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకరు గుండె అని కొడతారు, పుస్తకం చూసినవాళ్ళు హృదయం అంటారు, ఇంగ్లీషు మీడియం సార్ తన మాట కొడతారు. ఎవరు ఎలా వెతికినా దొరకాలి. ఫోన్ తనంతట తాను పెట్టే "ఐఎంజీ" పేరుతో ఉన్న ఫొటో ఎవరికీ దొరకదు, పెట్టినవాళ్ళకి కూడా.

పాత చార్టులు, చేత్తో రాసిన వర్క్‌షీట్లు ఉంటే ఫొటో తియ్యొద్దు. ఫోన్లో డ్రైవ్ యాప్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కి స్కాన్ ఎంచుకోండి. అంచులు కత్తిరించి పీడీఎఫ్ చేసిస్తుంది. డీటీపీ సెంటర్లో చేయించిన ప్రశ్నపత్రం అయితే వాళ్ళని పీడీఎఫే అడగండి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు నేరుగా తెచ్చుకుంటే ఫోన్లో పిచ్చి గీతలు తప్ప తెలుగు కనిపించదు.

సొంత ఫొటోల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వరి కంకి పూతకొచ్చినప్పుడు ఉదయం పదింటికి మా ఊరి గట్టు మీద కూర్చుని ఒక ఫొటో తీశాను. గింజ పొట్టు రెండుగా విచ్చుకుని, సన్నటి తెల్ల దారాలకు లేతపసుపు పరాగకోశాలు (పుప్పొడి తిత్తులు) వేలాడుతున్నాయి. కాసేపాగితే మూసుకుపోతుంది. మురిసిపోయి వాట్సాప్‌లో ఒక సార్‌కి పంపాను. ఆయన క్లాసులో ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) మీద పెడితే పసుపు మరకలు తప్ప పరాగకోశం కనబడలేదట. వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది. అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపినా, డ్రైవ్‌లో నేరుగా ఎక్కించినా తీసినది తీసినట్టే ఉంటుంది. అల్లూరు వైపు టీచర్లు రొయ్యల గుంటల దగ్గర తీసిన వీడియోలు కూడా ఇలాగే చేరాయి. పుస్తకంలో బొమ్మకంటే మన పిల్లలకి అవే ఎక్కుతాయి.

షేరింగ్‌లో ఒక్క జాగ్రత్త. లింకు ఉన్నవాళ్లందరికీ "వ్యూయర్" ఇవ్వండి, అంటే చూడ్డానికి మాత్రమే. "ఎడిటర్", అంటే ఫైళ్లు మార్చే, తీసేసే హక్కు, ముగ్గురికి చాలు. మేము మొహమాటపడి అందరికీ ఎడిటర్ ఇచ్చాం. ఒక పెద్దాయన తన ఫోన్ నిండిపోయిందని ఆ ఫోల్డర్లో ఫైళ్లు తీసేశారు. తన ఫోన్లోనే పోతాయనుకున్నారు పాపం. అవతల పరీక్షలు, ఇవతల ఫోల్డర్ ఖాళీ. ఆ టెన్షన్ చెప్పనలవి కాదు. మా గ్రూపు అకౌంట్లో సెర్చ్ చేసి ఒక్కొక్కటే పట్టుకుని మళ్ళీ లోపల పెట్టాను. ట్రాష్‌లో పడ్డవైతే 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత ఆశ వదులుకోవడమే. పిల్లల ఫొటోలు, మార్కుల లిస్టులు మాత్రం ఈ ఫోల్డర్లో వెయ్యకండి. లింకు ఎవరి చేతిలోకి పోతుందో మన చేతిలో ఉండదు.

లింకుని గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి, మెసేజ్‌గా కాదు. దాని క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి స్టాఫ్ రూమ్ బీరువాకి అంటించాను. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో కూడా అదే కాగితం తీసుకెళ్తా.

క్లాసులో ప్యానెల్ మీద సొంత అకౌంట్‌తో లాగిన్ కావొద్దు. నేనొకసారి అయ్యి మర్చిపోయాను. మర్నాడు తొమ్మిదో తరగతి వాళ్ళు, "మేడమ్, మీ అక్క కూతురి నిశ్చితార్థం బాగా జరిగిందా?" అని అడిగారు. కావలసిన ఫైళ్లు ముందురోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా పాఠం ఆగదు.

రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంట్‌ని గూగుల్ తొలగించే వీలుంది. మేము జూన్‌లో బడి తెరవగానే ఒకసారి లాగిన్ అయ్యి, బదిలీ మీద వెళ్ళినవాళ్ళ ఎడిటర్ హక్కు తీసేసి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇస్తాం.